ఏడాదిపాటు మార్చి మార్చి వాడిన బ్రౌజర్లు, చివరికి మిగిలిన రెండు

కిందిదాకా చదివే తీరిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నాను. యాడ్స్, మన వెంటపడి ఏం చూస్తున్నామో రాసుకునే ట్రాకర్లు ఆగాలంటే కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ వేసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ అదే జత. సెట్టింగ్స్ జోలికి వెళ్లని పెద్దవాళ్ల ఫోన్‌లో అయితే బ్రేవ్ అనే బ్రౌజర్. ఐఫోన్ ఉంటే సఫారీకి ఒక కంటెంట్ బ్లాకర్ తగిలించండి, లేదంటే అక్కడా బ్రేవే. ఇవన్నీ ఉచితం. ఈ నిర్ణయానికి ఎలా వచ్చానో, ఏది ఎందుకు పక్కన పెట్టానో, ఎక్కడ చిక్కుకుపోయానో మిగతాదంతా అదే.

ఇదంతా మా నాన్న ఫోన్‌తో మొదలైంది. ఆయన ఏదో ఫారం డౌన్‌లోడ్ చేసుకుందామని ఒక సైట్ తెరిచారు. ఆ పేజీలో డౌన్‌లోడ్ అని రాసి ఉన్న బటన్లు నాలుగున్నాయి, పచ్చగా పెద్దగా మెరుస్తున్న మూడూ యాడ్సే, అసలు లింకేమో కింద సన్నటి అక్షరాల్లో ఎక్కడో ఉంది. ఎవరైనా పెద్ద బటనే నొక్కుతారు, ఆయనా అదే నొక్కారు. వెంటనే ఇంకో పేజీ తెరుచుకుని మీ ఫోన్‌లో వైరస్‌లు ఉన్నాయి, రెండు నిమిషాల్లో శుభ్రం చేయకపోతే ఫోటోలన్నీ పోతాయి అంటూ సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, పైగా ఫోన్ గుయ్ గుయ్ మని వణుకుతోంది. "ఒరేయ్, ఇదేదో అయిపోతోంది, తొందరగా రా" అని కేకేస్తే పరుగెత్తాను. ఏమీ కాలేదు, ట్యాబ్ మూసేస్తే అంతా పోయింది. కానీ ఆయన ఆ రోజంతా మళ్లీ ఫోన్ ముట్టుకోలేదు. అది చూశాక నాకు మనసు ఊరుకోలేదు, ఈ సంగతేదో తేల్చుకోవాలని కూర్చున్నాను.

యాడ్స్ అంటే చిరాకు తప్ప ఇంకేముంది అనుకునేవాళ్లు చాలామంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ అమెరికాలో ఎఫ్‌బీఐ 2022 డిసెంబరులో ప్రజలకు ఒక హెచ్చరిక ఇచ్చింది, సెర్చ్ చేసినప్పుడు పైన వచ్చే యాడ్స్‌లో అసలు కంపెనీల పేర్లు పెట్టుకుని మోసగాళ్లు దూరుతున్నారు, వెతికేటప్పుడు యాడ్ బ్లాకర్ వాడండి అని అందులో నేరుగా రాశారు. 2016 మార్చిలో అయితే పేరున్న పెద్ద వార్తా సైట్లలో కనిపించిన యాడ్స్ ద్వారానే కంప్యూటర్లకు తాళం వేసి డబ్బులు అడిగే రాన్సమ్‌వేర్ పాకింది. మన పేజీలో ఏ యాడ్ పడుతుందో ఆ సైట్ నడిపేవాళ్లకే ముందుగా తెలియదు. మనం లింకు నొక్కి పేజీ తెరుచుకునేలోపే అక్కడ ఒక వేలంపాట జరిగిపోతుంది. మనం చదవబోయే పేజీ ఏది, మనది ఏ ఫోన్, దాదాపు ఎక్కడ ఉన్నాం, ఇంతకుముందు ఏమేం చూశాం, ఈ వివరాలన్నీ బోలెడు కంపెనీలకు వెళ్తాయి, ఎక్కువ పాడినవాడి యాడ్ మనకు కనిపిస్తుంది. పాట ఓడిపోయినవాళ్ల చేతికి కూడా మన వివరాలు అప్పటికే చేరిపోయి ఉంటాయి. నన్ను బాగా కుదిపేసింది ఈ చివరి సంగతే.

ఇక మనల్ని గుర్తుపట్టే పద్ధతులు. కుకీల గురించి అందరికీ తెలుసు, 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసిన లూ మాంటుల్లీ వాటిని తయారుచేశారు. సైట్ మనల్ని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి గుర్తుపెట్టుకోవడానికి పుట్టినదది, తర్వాత ఒక సైట్‌లో చూసింది ఇంకో సైట్‌లో యాడ్‌గా వెంటపడటానికి ఉపయోగపడింది. కుకీలు చెరిపేస్తే సరిపోతుందిలే అనుకుంటే ఫింగర్‌ప్రింటింగ్ అనేది ఇంకొకటి ఉంది. స్క్రీన్ కొలతలు, ఫాంట్లు, టైమ్ జోన్, గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీసే తీరు, ఇలాంటి చిన్న చిన్న వివరాలన్నీ కలిపితే వేలిముద్రలా మన బ్రౌజర్ ఇదీ అని తేలిపోతుంది. 2010లో ఇంటర్నెట్‌లో జనం హక్కుల కోసం పనిచేసే ఈఎఫ్‌ఎఫ్ అనే సంస్థ దాదాపు 4,70,000 బ్రౌజర్లను పరీక్షిస్తే వాటిలో 83.6 శాతం ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా తేలాయి. ఆ పరీక్ష ఇప్పుడు కవర్ యువర్ ట్రాక్స్ అనే పేరుతో ఉంది, ఎవరైనా ఒక నిమిషంలో తమ బ్రౌజర్‌ను అక్కడ చూసుకోవచ్చు. బ్రౌజర్ మార్చే ముందు ఒకసారి, మార్చాక ఒకసారి చూడండి.

ఇంకాగ్నిటో గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నేను అడిగిన పదిమందిలో చాలామంది "నేను ఇంకాగ్నిటోలోనే చూస్తాను కదా" అన్నారు. అది మన ఇంట్లో వాళ్లకి హిస్టరీ కనిపించకుండా దాచుతుంది, అంతే. మనం వెళ్లిన సైట్‌కి, అక్కడున్న ట్రాకర్లకి, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి మనం కనిపిస్తూనే ఉంటాం. ఈ విషయంలోనే గూగుల్ మీద 2020లో అమెరికాలో కేసు పడింది, 2024 ఏప్రిల్‌లో రాజీ కుదిరి, ఇంకాగ్నిటోలో తిరిగినవాళ్లవి కోట్లకొద్దీ రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. చెరిపేయడానికి అన్ని ఉన్నాయంటేనే అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు హీరో దగ్గరికి వద్దాం. నా లెక్కలో బ్రౌజర్ కంటే ముందు ఎంచుకోవాల్సింది బ్లాకర్‌ను, దాన్నిబట్టి బ్రౌజర్‌ను. యూబ్లాక్ ఆరిజిన్‌ను రేమండ్ హిల్ అనే ప్రోగ్రామర్ 2014లో మొదలుపెట్టారు. ఆయన దీనికి ఇప్పటికీ విరాళాలు తీసుకోరు, ఇవ్వాలనిపిస్తే, ఏమేం ఆపాలో బ్లాకర్‌కి చెప్పే ఫిల్టర్ లిస్టులు నిర్వహించేవాళ్లకి ఇవ్వమంటారు. ఇంకో పాత బ్లాకర్ ఉంది, యాడ్‌బ్లాక్ ప్లస్, అది 2011 నుంచి ఆమోదయోగ్యమైన యాడ్స్ అనే పేరుతో కొన్నిటిని వదిలేస్తుంది, ఆ జాబితాలో ఉన్న పెద్ద కంపెనీల నుంచి దాని తయారీదారు డబ్బు తీసుకుంటుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపుకునే వీలుంది, కాదనను. కానీ ఎవరి యాడ్ ఆపాలో చూడమని నేను పెట్టుకున్న కాపలావాడు అవతలివాళ్ల దగ్గరా జీతం తీసుకోవడం నాకు నచ్చలేదు. ఒక జాగ్రత్త, వెతికేటప్పుడు పేరు చివర ఆరిజిన్ అనే మాట ఉందో లేదో చూసుకోండి. ఉత్త యూబ్లాక్ అనేది వేరే చేతుల్లోకి వెళ్లిపోయింది, 2018లో దాన్ని ఇంకో యాడ్ బ్లాకర్ కంపెనీ కొనుక్కుంది.

వేసిన వెంటనే పనిచేస్తుంది, ఏమీ మార్చక్కర్లేదు. అయినా ఒకసారి దాని లాగర్ తెరిచి చూడమని అందరికీ చెప్తాను. ఐకాన్ నొక్కితే కింద ఒక చిన్న జాబితా గుర్తు ఉంటుంది, అదే లాగర్. నేను దాన్ని పక్క విండోలో పెట్టుకుని, రోజూ పొద్దున చదివే ఒక వార్తల పేజీని తెరిచాను. ఒక్క వార్త, పది పన్నెండు పేరాలు, ఒక ఫోటో. లాగర్‌లో వరసలు జారుతూ పోతున్నాయి, మొదట ఆ సైట్‌వి నాలుగైదు, ఆ తర్వాత అన్నీ ఎర్ర వరసలే. ఒకటి యాడ్ సర్వర్, ఇంకొకటి నేను ఎంతసేపు చదివానో లెక్కపెట్టేది, మరొకటి నా మౌస్ ఎటు తిరిగిందో పట్టుకెళ్లేది, నేను ఎప్పుడూ వినని పేర్లు. నేను పేజీని కదిలించకుండా కాఫీ కలుపుకుని వచ్చేసరికి కూడా ఇంకా కొత్త ఎర్ర వరసలు వచ్చి పడుతూనే ఉన్నాయి, ఆపిన కొద్దీ మళ్లీ మళ్లీ తలుపు తడుతున్నట్టు. ఇన్నేళ్లుగా ఇవన్నీ నా ఫోన్ డేటా తిని, నా బ్యాటరీ తిని, నా గురించి రాసుకుంటూ పోయాయన్నమాట. ఆ పది నిమిషాలు చూశాక బ్లాకర్ లేని బ్రౌజర్ తెరవాలంటే చెయ్యి రావడం లేదు.

ఇంకో రెండు గుర్తులు నేర్చుకుంటే చాలు. మెరుపు బొమ్మ నొక్కి పేజీలో అడ్డొచ్చినదాని మీద క్లిక్ చేస్తే అది అప్పటికి మాయమైపోతుంది, పేజీ మళ్లీ తెరిస్తే తిరిగి వస్తుంది. పక్కనున్న డ్రాపర్ బొమ్మతో చేస్తే శాశ్వతంగా పోతుంది. నేను చదివే ఒక సైట్‌లో ఎంత కిందికి జరిపినా కుడివైపు మూలన వెంటే వచ్చే చిన్న వీడియో పెట్టె ఉండేది, మూసే గుర్తు ఎంత చిన్నదంటే వేలు పెడితే వీడియోనే ఆడేది. డ్రాపర్‌తో దాన్ని పట్టుకుని క్రియేట్ నొక్కాను, అంతే, మళ్లీ దాని మొహం చూడలేదు. ఇంకా సెట్టింగ్స్‌లో ఫిల్టర్ లిస్టుల ట్యాబ్‌కి వెళ్తే కుకీ నోటీసులు, చిరాకు పెట్టే పాపప్‌లు ఆపే లిస్టులు ఉంటాయి, అవి మొదట ఆన్‌లో ఉండవు, టిక్ పెట్టుకోవాలి. లింకుల చివర తోకలా వేలాడే ట్రాకింగ్ ముక్కలను కత్తిరించే లిస్టు కూడా అక్కడే ఉంది. మరీ ఎక్కువ లిస్టులకు టిక్ పెట్టకండి, నేను మొదటి వారం కనిపించిన ప్రతిదానికీ పెట్టేసి సగం సైట్లు పాడుచేసుకున్నాను.

పాడవడం అన్నాను కాబట్టి అదీ చెప్పాలి. ఒకసారి టికెట్ బుక్ చేస్తుంటే అంతా నింపి డబ్బులు కట్టే దగ్గరికి వచ్చేసరికి తెల్లటి ఖాళీ పేజీ, ఎంతసేపటికీ ఏమీ రాదు. చేతులు చల్లబడ్డాయి, డబ్బు పోయిందా, సీటు పోయిందా తెలియదు. అకౌంట్ చూస్తే డబ్బు కట్ అవ్వలేదు. అప్పుడు ఐకాన్ నొక్కి మధ్యలో ఉన్న పెద్ద పవర్ బటన్‌ను ఆపి, పేజీని మళ్లీ తెరిస్తే అన్నీ సవ్యంగా వచ్చాయి. అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి, డబ్బులు కట్టే పేజీల్లోకి వెళ్లే ముందే ఆ సైట్‌లో బ్లాకర్ ఆపేస్తాను, అది ఆ ఒక్క సైట్‌కే గుర్తుంటుంది, మిగతావాటికి మామూలుగా పనిచేస్తూనే ఉంటుంది. ఏడాదిలో ఇలా ఆపాల్సి వచ్చిన సైట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంకో మాట, రెండు బ్లాకర్లు పెడితే రెట్టింపు రక్షణ అనుకోవద్దు. ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది, ఒక్కటే ఉంచండి.

ఇంత మంచి బ్లాకర్ ఉన్నప్పుడు క్రోమ్‌లోనే వేసుకోవచ్చు కదా అంటారు. ఇప్పుడు కుదరదు. మ్యానిఫెస్ట్ వీ3 అని ఎక్స్‌టెన్షన్లకి, అంటే బ్లాకర్‌లా బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములకి, గూగుల్ కొత్త నియమాలు తెచ్చింది, 2018లోనే ప్రకటించి 2024 నుంచి అమలు మొదలుపెట్టి 2025 మధ్యకల్లా పాత పద్ధతిని పూర్తిగా తీసేసింది. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఇంతకుముందు పేజీ నుంచి బయటికి వెళ్లే ప్రతి అభ్యర్థననూ బ్లాకర్ తానే చూసి, వెళ్లాలా వద్దా అప్పటికప్పుడు తేల్చేది. కొత్త పద్ధతిలో బ్లాకర్ ముందే ఒక జాబితా రాసి బ్రౌజర్ చేతికి ఇస్తుంది, అమలు చేసేది బ్రౌజర్. భద్రత కోసం, వేగం కోసం అని గూగుల్ చెప్పింది, అందులో కొంత నిజం లేకపోలేదు, ప్రతిదీ చదవగలిగే ఎక్స్‌టెన్షన్ చెడ్డవాడి చేతిలో పడితే ప్రమాదమే. కానీ యాడ్స్ మీద బతికే కంపెనీయే యాడ్స్ ఆపే పనిముట్టుకు ఎంత పదును ఉండాలో నిర్ణయిస్తోంది, నాకు మింగుడుపడనిది అది. క్రోమ్ కోసం అదే రేమండ్ హిల్ యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అని ఇంకోటి చేశారు. క్రోమ్ వదల్లేనివాళ్లు తప్పకుండా వేసుకోండి, మామూలు యాడ్స్ చాలావరకు ఆగుతాయి. కాకపోతే లిస్టులు కొత్తవి కావాలంటే ఎక్స్‌టెన్షన్ మొత్తం అప్‌డేట్ కావాలి, ఈ రోజు యాడ్ కంపెనీ కొత్త ఎత్తు వేస్తే దానికి జవాబు మన దగ్గరికి రావడం ఆలస్యమవుతుంది.

మనం తెరిచిన సైట్ కాకుండా బయటివాళ్లు పెట్టే కుకీలు క్రోమ్ నుంచి తీసేస్తామని గూగుల్ 2020లో అన్న మాట కూడా గుర్తుచేయాలి. రెండేళ్లలో అన్నారు, వాయిదా వేస్తూ వచ్చారు, 2024లో వెనక్కి తగ్గారు, 2025 ఏప్రిల్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంటుందని తేల్చేశారు. సఫారీ ఆ పని 2020 మార్చిలోనే పూర్తిగా చేసేసింది.

అందుకే ఫైర్‌ఫాక్స్. పాత పద్ధతి బ్లాకర్లను ఆపబోమని దాన్ని తయారుచేసే మొజిల్లా చెప్పింది, పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ అందులో మునుపటిలాగే నడుస్తోంది. పైగా ఇంకో మెలిక ఉంది. కొన్ని ట్రాకర్లు వేషం వేసుకుని, మనం చూస్తున్న సైట్ సొంత భాగంలా పేరు పెట్టుకుని వస్తాయి, ఆ పేరు వెనక అసలు ఎవరున్నారో చూసే వీలు బ్లాకర్‌కి ఇచ్చేది ఫైర్‌ఫాక్సే. బ్లాకర్ లేకుండా కూడా దానికి కొంత కాపుదల ఉంది, 2022 జూన్ నుంచి ప్రతి సైట్ కుకీలను దాని డబ్బాలో దానికే విడిగా పెడుతుంది, ఒకదాని డబ్బాలోకి ఇంకొకటి తొంగిచూడలేదు. నేను సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి స్టాండర్డ్ బదులు స్ట్రిక్ట్ పెట్టాను, సురక్షితమైన కనెక్షన్‌తోనే సైట్లు తెరిచే హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ ఆన్ చేశాను, మొజిల్లాకి వివరాలు పంపే టిక్‌లన్నీ తీసేశాను, కొత్త ట్యాబ్‌లో కనిపించే స్పాన్సర్డ్ లింకులు కూడా. మొత్తం ఐదు నిమిషాలు. వేర్వేరు అకౌంట్లు ఉన్నవాళ్లకి కంటైనర్లు అనే ఎక్స్‌టెన్షన్ చాలా బాగుంటుంది, ఆఫీసు మెయిల్ ఒక రంగు ట్యాబ్‌లో, సొంత మెయిల్ ఇంకో రంగులో, ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.

మొజిల్లా తప్పులు చేయలేదని కాదు. వాళ్ల ఆదాయంలో సింహభాగం సెర్చ్ పెట్టెలో గూగుల్‌ను ఉంచినందుకు గూగుల్ ఇచ్చే డబ్బే, ఆ బంధం ఎప్పటికీ కాస్త అనుమానంగానే ఉంటుంది. 2024 జూలైలో వచ్చిన 128 వెర్షన్‌లో యాడ్స్ పనితీరు కొలిచే ఒక ఏర్పాటును మనల్ని అడక్కుండానే టిక్ పెట్టి పంపారు. 2025 ఫిబ్రవరిలో, మీ డేటా ఎప్పటికీ అమ్మం అని ఉన్న వాక్యాన్ని తమ పేజీ నుంచి తీసేస్తే పెద్ద గొడవే అయింది, చట్టంలో అమ్మకం అనే మాటకి ఉన్న అర్థం చాలా విశాలమైనదని వాళ్లు సంజాయిషీ ఇచ్చుకున్నారు. ఆ వారం నాకు నిజంగా కోపం వచ్చింది, వదిలేద్దామా అనుకున్నాను. వదిలేసి ఎక్కడికి వెళ్లాలి అని చూస్తే మిగతావన్నీ దాదాపు క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం మీద కట్టినవే, ఎడ్జ్, ఒపేరా, వివాల్డి, బ్రేవ్ కూడా. ఫైర్‌ఫాక్స్ పోతే వెబ్ ఎలా నడవాలో చెప్పేవాళ్లు ఇంకా తగ్గిపోతారు. అందుకే కోపంతోనే అయినా ఉండిపోయాను, టిక్‌లు తీసుకుంటూ. కొన్ని సైట్లు క్రోమ్‌లోనే పరీక్షించి వదిలేయడం వల్ల అప్పుడప్పుడు ఒక బటన్ పనిచేయదు, ఒక మెనూ తెరుచుకోదు, దానికి మాత్రం సిద్ధపడాలి.

బ్రేవ్ దగ్గరికి నేను అయిష్టంగానే వెళ్లాను, కానీ నాన్న ఫోన్ విషయంలో దానికి సాటి లేదు. ఇన్‌స్టాల్ చేసి ఇచ్చేస్తే చాలు, ఏ ఎక్స్‌టెన్షనూ వేయక్కర్లేదు, బ్లాకర్ బ్రౌజర్ లోపలే కట్టి ఉంటుంది కాబట్టి మ్యానిఫెస్ట్ వీ3 గొడవ దాన్ని అంటదు. ఫింగర్‌ప్రింటింగ్‌కి అది చేసే మందు కూడా తెలివైనది, వివరాలు దాచే బదులు ప్రతి సైట్‌కి కొద్దికొద్దిగా మార్చి చెబుతుంది, ఈ సైట్‌లో చూసిన వేలిముద్ర ఆ సైట్‌లో కలవదు. వెబ్ పేజీలు వాడే జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త, ఒకప్పుడు మొజిల్లాలో ఉన్న బ్రెండన్ ఐక్ 2015లో ఈ కంపెనీ పెట్టారు. మచ్చ కూడా ఉంది. 2020 జూన్‌లో, అడ్రస్ బార్‌లో ఒక క్రిప్టో సైట్ పేరు టైప్ చేస్తే బ్రేవ్ తన కమిషన్ కోడ్‌ను చివర తగిలిస్తోందని బయటపడింది, ఐక్ తప్పు ఒప్పుకుని సరిచేశారు. ప్రైవసీ పేరుతో వచ్చినవాళ్లు అలా చేయడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తెరవగానే రివార్డ్స్, వాలెట్, వీపీఎన్ అంటూ చాలా గుర్తులు కనిపిస్తాయి, కొత్త ట్యాబ్ వెనక స్పాన్సర్డ్ బొమ్మలు వస్తాయి. నేను నాన్నకి ఇచ్చే ముందు అవన్నీ ఒక్కొక్కటిగా దాచేశాను. అది చేయకుండా ఇవ్వకండి, పెద్దవాళ్లు వాలెట్ అని చూస్తే బ్యాంకు అనుకుని నొక్కుతారు.

లిబ్రేవుల్ఫ్ రెండు నెలలు వాడాను. ఫైర్‌ఫాక్స్‌నే తీసుకుని, వివరాలు పంపే భాగాలు తీసేసి, యూబ్లాక్ ఆరిజిన్ ముందే వేసి ఇస్తారు. మనసుకి చాలా నచ్చింది, రోజువారీ పనికి కుదరలేదు. మూసిన ప్రతిసారీ కుకీలు చెరిపేస్తుంది కాబట్టి పొద్దున్నే అన్ని అకౌంట్లలోకీ మళ్లీ లాగిన్ కావాలి, మన టైమ్ జోన్ దాచడానికి సైట్లకి యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైమ్ చెబుతుంది కాబట్టి వెబ్‌లో తెరిచిన క్యాలెండర్‌లో మీటింగ్‌లన్నీ గంటల తేడాతో కనిపించాయి, ఒకటి తప్పిపోయింది కూడా. ఇవేవీ లోపాలు కావు, అది అలా ఉండాలనే చేశారు, సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు, కానీ అన్నీ మార్చాక మళ్లీ ఫైర్‌ఫాక్స్ దగ్గరికే వచ్చినట్టయింది. ముల్వాడ్ బ్రౌజర్ 2023 ఏప్రిల్‌లో టోర్ ప్రాజెక్టువాళ్లు, ముల్వాడ్ వీపీఎన్ వాళ్లు కలిసి తెచ్చారు. వాడేవాళ్లందరూ ఒకేలా కనిపించాలన్నది దాని లెక్క, విండో కొలత కూడా అందరికీ కొన్ని నిర్ణీత సైజుల్లోనే ఉండేలా చుట్టూ ఖాళీ అంచు వదులుతుంది. ఆరోగ్యం గురించో, ఎవరికీ చెప్పుకోలేని విషయం గురించో వెతకాల్సి వచ్చినప్పుడు నేను అదే తెరుస్తాను. ఫోన్లకి మాత్రం లేదు. టోర్ బ్రౌజర్ ఇంకా పై మెట్టు, మనం ఎవరో తెలియకుండా మన అభ్యర్థనలను మూడు చోట్ల తిప్పి పంపుతుంది కాబట్టి నెమ్మదిగా ఉంటుంది, ప్రాణం మీదికి వచ్చే పరిస్థితుల్లో ఉన్నవాళ్లకి అది వరం, సినిమా టికెట్లు కొనడానికి అక్కర్లేదు.

ఐఫోన్ సంగతి వేరు. యూరోపియన్ యూనియన్‌లో 2024 నుంచి నియమం సడలింది గానీ, మన దగ్గర ఐఫోన్‌లో ఏ పేరుతో ఉన్న బ్రౌజరైనా లోపల ఆపిల్ ఇంజిన్ వెబ్‌కిట్టే నడుస్తుంది, అందుకే ఐఫోన్‌లోని ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ వేయడం కుదరదు. 2025లో యూబ్లాక్ ఆరిజిన్ లైట్ సఫారీకి వచ్చింది, అది చాలు. డక్‌డక్‌గో బ్రౌజర్ బాగా తేలిక, మంట గుర్తు నొక్కితే అన్నీ చెరిగిపోతాయి, పిల్లలకి కూడా అర్థమవుతుంది. అయితే 2022లో ఒక పరిశోధకుడు చూసి చెప్పేదాకా, సెర్చ్ ఒప్పందం కారణంగా మైక్రోసాఫ్ట్ ట్రాకర్లు కొన్నిటిని అది వదిలేస్తోందని వాడేవాళ్లకి తెలియదు. ఆగస్టులో సరిచేశారు. నేను సెర్చ్‌కి డక్‌డక్‌గోనే వాడుతున్నాను, బ్రౌజర్‌గా మాత్రం పెట్టుకోలేదు.

యాప్‌లలో వచ్చే యాడ్స్‌ని బ్రౌజర్ ఆపలేదు. దానికి ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని ఫోన్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోనే ఉంది, డీఎన్‌ఎస్ అంటే సైట్ పేరు చెబితే దాని అడ్రస్ వెతికిచ్చేది, అందులో యాడ్‌గార్డ్ లాంటివాళ్లు ఇచ్చే సర్వర్ పేరు టైప్ చేస్తే యాడ్ సర్వర్ల అడ్రసులు ఫోన్‌కి దొరకవు, ఆటల యాప్‌లలో బ్యానర్లు చాలావరకు మాయమవుతాయి. ఇంటి మొత్తానికి కావాలంటే పై-హోల్ అని ఒక చిన్న కంప్యూటర్‌లో పెట్టి రౌటర్‌కి తగిలించేవాళ్లున్నారు, ఓపిక ఉన్నవాళ్ల పని అది. వీడియోల మధ్యలో వచ్చే యాడ్స్ మాత్రం ఈ పద్ధతికి లొంగవు, వీడియో వచ్చిన చోటి నుంచే యాడ్ కూడా వస్తుంది కాబట్టి ఒకటి ఆపితే రెండూ ఆగిపోతాయి. ఎక్కడో హోటల్లో, రైల్వే స్టేషన్లో వైఫై లాగిన్ పేజీ రాకపోతే ముందు ఈ డీఎన్‌ఎస్ ఆపి చూడండి, నేను అరగంట తల పట్టుకున్నాక తెలిసింది.

ఎక్స్‌టెన్షన్ల విషయంలో మాత్రం పిసినారిగా ఉండండి. మనం తెరిచే ప్రతి పేజీనీ చదివే అనుమతి వాటికి ఇస్తున్నాం. అవాస్ట్ కంపెనీ తన బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, యాంటీవైరస్ ద్వారా జనం ఏయే సైట్లు చూశారో సేకరించి జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఆరోపించింది, 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. ట్రాకింగ్ నుంచి కాపాడతాం అని చెప్పి జనం చేత వేయించుకున్నవే అవి. నా దగ్గర ఇప్పుడు మూడే ఉన్నాయి, యూబ్లాక్ ఆరిజిన్, కంటైనర్లు, ఒక పాస్‌వర్డ్ మేనేజర్.

మారేటప్పుడు పాత బ్రౌజర్‌ను వెంటనే తీసేయొద్దు. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు కొత్తదాంట్లోకి దిగుమతి చేసుకుని, కొత్తదాన్ని డిఫాల్ట్‌గా పెట్టి, పాతది ఒక మూల ఉంచండి, ఏ సైటైనా మొండికేస్తే అందులో తెరవడానికి. నేను మొదటి నెల రోజూ ఒకసారైనా వెనక్కి వెళ్లాను, ఇప్పుడు పాతదాన్ని తెరిచి ఎన్నాళ్లయిందో గుర్తులేదు.

యాడ్స్ ఆపేస్తే రాసేవాళ్లు ఎలా బతకాలి అని మా తమ్ముడు అడిగాడు, న్యాయమైన ప్రశ్నే. నాకు యాడ్స్‌తో గొడవ లేదు, వెంటపడి రాసుకోవడంతో, మోసపు బటన్లతో గొడవ. అందుకే రెండు సైట్లకి చందా కడుతున్నాను, ఇంకో మూడింటికి యూబ్లాక్‌లో పవర్ బటన్ ఆపి యాడ్స్ రానిచ్చాను. ఆ మూడింటిలో రెండు మర్యాదగా ఉన్నాయి, పేజీ పక్కన బొమ్మ యాడ్ ఒకటి, కింద ఒకటి, అంతే. మూడోది పోయిన వారం నేను చదువుతుండగా స్క్రీన్ అంతా కప్పేసి, ఐదు సెకన్లు ఆగితే గానీ మూసే గుర్తు చూపించలేదు. దానికి మళ్లీ బటన్ ఆన్ చేసి, ఎందుకు ఆన్ చేశానో వాళ్లకి మెయిల్ రాశాను.